అంకె తప్పా, యాక్సిల్ తప్పా: ఒక ట్రావెల్ ట్రైలర్ రీకాల్ కేస్ స్టడీ

అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో (ప్రయాణంలో ఇల్లులా వాడుకునే బళ్లలో) ఎక్కువ భాగం ఉత్తర ఇండియానాలోనే తయారవుతాయి. ఎల్క్‌హార్ట్, గోషెన్, మిడిల్‌బరీ, నాపనీ... ఏ ఊరికి వెళ్లినా రోడ్డు పక్కన వరసగా ట్రైలర్ ఫ్యాక్టరీలే. అలాంటి ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ, కంప్లయన్స్ పని చూస్తుంటాను. లేబుల్ మీద బరువు తప్పు పడి కొన్ని ట్రావెల్ ట్రైలర్లను, అంటే కారు వెనక తగిలించుకుని లాగే ఆర్‌వీలను, రీకాల్ చేయాల్సి (వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయాల్సి) వచ్చింది. ఇది ఆ కేసు.

బరువు లేబుల్ రీకాల్ అనగానే మా ఇండస్ట్రీలోనే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కొత్త స్టిక్కర్ ప్రింట్ చేసి పోస్ట్‌లో పంపితే పనైపోతుందని అనుకుంటారు. కొన్నిసార్లు నిజంగానే అంతే. కానీ లేబుల్ తప్పని తెలిసిన రోజున ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఆ తప్పు లేబుల్‌తోనే ఆగిందా, కింద యాక్సిల్ (చక్రాల ఇరుసు), టైరు దాకా వెళ్లిందా? ఈ ఒక్కటి తేలకుండా స్టిక్కర్ మార్చేస్తే ప్రమాదం ఉన్నచోటే ఉంటుంది, కాగితాలు మాత్రం శుభ్రంగా కనిపిస్తాయి.

కంపెనీ పేరు, మోడల్ పేరు చెప్పను. బండి బరువులు కూడా గుర్తుపట్టకుండా గుండ్రంగా మార్చి రాస్తున్నాను. టైర్ల రేటింగులు, చట్టంలోని పరిమితులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

బండి మీద ఉండే మూడు లేబుళ్లు

ట్రావెల్ ట్రైలర్‌కి ఎడమవైపు, ముందు సగంలో, బయట నిలబడి చదవగలిగే చోట సర్టిఫికేషన్ లేబుల్ ఉంటుంది. తయారీదారు పేరు, తయారైన నెల, సంవత్సరం, విన్ నంబర్ (ఒక్కో బండికి ఉండే గుర్తింపు నంబర్), జీవీడబ్ల్యూఆర్, ఒక్కో యాక్సిల్‌కి జీఏడబ్ల్యూఆర్ దాని మీదే ఉంటాయి. జీవీడబ్ల్యూఆర్ అంటే బండి, సామాను, నీళ్లు అన్నీ కలిపి దాటకూడని మొత్తం బరువు. జీఏడబ్ల్యూఆర్ ఒక్కో యాక్సిల్ మోయగలిగిన బరువు. ఆ పక్కనే టైర్ ప్లకార్డ్. ఏ సైజు టైరు, చల్లగా ఉన్నప్పుడు ఎన్ని పీఎస్‌ఐ గాలి ఉండాలన్నది అందులో చూడాలి.

మూడోది కుడివైపు తలుపుకి లోపలివైపు ఉంటుంది. సామాను బరువు ఎప్పుడూ ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు దాటకూడదు అని అందులో రాసి ఉంటుంది. దాని కిందే నీళ్ల ట్యాంక్ నిండితే ఎంత బరువో కూడా ఉంటుంది. గ్యాలన్‌కి 8.3 పౌండ్ల లెక్కన 50 గ్యాలన్ల ట్యాంక్ నిండితే 415 పౌండ్లు. నీళ్లు కూడా సామాను కిందికే వస్తాయి. ఇది కొత్తగా కొన్నవాళ్లకి చాలామందికి తెలియదు.

ఈ మూడో లేబుల్ గురించి అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2007 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది, 2008 జూన్ నుంచి అమలైంది. జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్ల లోపు ఉన్న బళ్లు ఫెడరల్ స్టాండర్డ్ 110 కిందికి, అంతకు మించినవి 120 కిందికి వస్తాయి. మా బళ్లు 110 కిందివి. ఫ్యాక్టరీ దాటాక, మొదటి కొనుగోలుదారు చేతికి వెళ్లేలోపు డీలర్ ఏదైనా అదనంగా బిగిస్తే, ఆ బరువు 100 పౌండ్లు గానీ జీవీడబ్ల్యూఆర్‌లో 1.5 శాతం గానీ, రెంటిలో ఏది తక్కువైతే అది దాటగానే లేబుల్ అంకె సరిచేయాలి. రూఫ్ మీద రెండో ఏసీ, ఇంకో బ్యాటరీ పెడితే ఆ హద్దు ఇట్టే దాటిపోతుంది. అంత చిన్న తేడాని కూడా చట్టం పట్టించుకుంటుందని చెప్పడానికే ఇది ప్రస్తావించాను. మా కేసులో తేడా 900 పౌండ్లు.

ఎలా బయటపడింది

టెక్సాస్‌లో ఒక డీలర్ దగ్గరికి కస్టమర్ టైరు మార్పించుకోవడానికి వచ్చాడు. టెక్నీషియన్ ప్లకార్డ్ చూస్తే 15 అంగుళాల టైరు అని ఉంది, బండికి ఉన్నది 14 అంగుళాలది. అతను మా వారంటీ విభాగానికి మెయిల్ పెట్టాడు. అక్కడివాళ్లు దాన్ని "లేబుల్ మళ్లీ ప్రింట్ చేయాలి" అన్న కోడ్ కింద వేసి, కొత్తది ప్రింట్ చేసి పంపేశారు. వాళ్ల దృష్టిలో అది చిరిగిన లేబుల్, ఎండకి వెలిసిన లేబుల్ లాంటి ఇంకో చిన్న పని.

కొన్ని వారాలకి వేరే రాష్ట్రం నుంచి అదే మోడల్ మీద అలాంటిదే ఇంకొకటి వచ్చింది. వారంటీ రిపోర్టులు తిరగేస్తుంటే ఆ రెండూ ఒకే పేజీలో కనిపించాయి. ఒక బండికి లేబుల్ తప్పు పడితే ప్రింటర్ దగ్గర పొరపాటు అనుకోవచ్చు. ఒకే మోడల్‌కి, రెండు చోట్ల, ఒకే రకంగా తప్పు పడిందంటే వెనక ఏదో పద్ధతే తప్పుగా నడుస్తోందన్నమాట. మొదటి బండి వివరాలు మళ్లీ తెప్పించాను. టెక్నీషియన్‌ని ఫోన్లో ఒక్కటే అడిగాను: యాక్సిల్ గొట్టం మీద ఉన్న ట్యాగ్ ఫొటో తీసి పంపగలరా అని.

ఫొటోలో ట్యాగ్ మీద కొంచెం గ్రీజు, కొంచెం మట్టి. అయినా అంకె స్పష్టంగా ఉంది: 3,500 పౌండ్లు. బండి మీద సర్టిఫికేషన్ లేబుల్ మాత్రం ఒక్కో యాక్సిల్ 4,400 పౌండ్లు మోస్తుందని చెబుతోంది.

అసలేం జరిగిందో తర్వాత తెలిసింది. ఆ మోడల్ రెండు రకాలుగా వచ్చేది. మామూలుది 3,500 పౌండ్ల యాక్సిళ్లు రెండు, జీవీడబ్ల్యూఆర్ 7,600. హెవీ యాక్సిల్ ప్యాకేజీ తీసుకుంటే 4,400వి రెండు, జీవీడబ్ల్యూఆర్ 8,500. కోవిడ్ తర్వాత అందరూ ఆర్‌వీల మీద పడ్డ రోజులవి. 2021లో ఇండస్ట్రీ మొత్తం మీద 6 లక్షలకు పైగా బళ్లు ఫ్యాక్టరీల నుంచి వెళ్లాయి, అంతకుముందెప్పుడూ లేనంత రికార్డు. యాక్సిళ్లు, టైర్లు, ఫ్రిజ్‌లు, ఏది ఎప్పుడు దొరుకుతుందో తెలియని పరిస్థితి. పెద్ద యాక్సిళ్లు అయిపోయిన రోజున ఛాసిస్ విభాగం ఉన్న యాక్సిల్ బిగించి లైన్‌ని ముందుకు పంపింది. బిల్డ్ కార్డ్ (బండికి ఏమేం బిగించాలో ఉండే కార్డ్) మీద పెన్నుతో కొట్టేసి రాశారు కూడా. లేబుల్ ప్రింటర్ మాత్రం ఆ కార్డ్ చూడదు. అది కంప్యూటర్లో మొదట పడిన ఆర్డర్‌ని చూసి ప్రింట్ చేస్తుంది.

ఇక్కడ అందరినీ మోసం చేసింది ఇంకొకటుంది. లైన్ చివర ప్రతి బండినీ తూస్తాం. ఆ తూకం సరైనదే. మూడో లేబుల్ మీది సామాను బరువు ఎలా వస్తుందంటే, జీవీడబ్ల్యూఆర్‌లోంచి ఆ తూకం తీసేస్తారు. తీసివేతలో తప్పు లేదు, తూకంలో తప్పు లేదు. తప్పంతా పై అంకెలో ఉంది. క్వాలిటీ వాళ్లు లెక్క సరిచూసినప్పుడల్లా లెక్క సరిపోతూనే వచ్చింది.

రోడ్డు మీద ఆ 900 పౌండ్లు

నిజానికి ఆ బండి ఖాళీ బరువు 5,900. దాని జీవీడబ్ల్యూఆర్ 7,600 కాబట్టి సామానుకి 1,700 పౌండ్లు, అంటే సుమారు 770 కిలోలు. లేబుల్ మీద పడింది 2,600.

లేబుల్‌ని నమ్మి, 2,600 దాకా సర్దుకున్న కుటుంబాన్ని ఊహించండి. వాళ్లు ఏ తప్పూ చేయలేదు, నిబంధన ప్రకారమే నడుచుకున్నారు. బండి మొత్తం బరువు 8,500 అయింది. అందులో 10 నుంచి 15 శాతం దాకా ముందు హిచ్ మీద, అంటే లాగే కారు మీద పడుతుంది. 12 శాతం అనుకుంటే 1,020 పౌండ్లు. మిగతా 7,480 రెండు యాక్సిళ్ల మీద, ఒక్కోదాని మీద 3,740. యాక్సిల్ మోయగలిగింది 3,500. టైరుకి వస్తే నాలుగింటిలో ఒక్కోదాని మీద 1,870. ఆ బండికి ఉన్నవి ఎస్‌టీ 205/75ఆర్14, లోడ్ రేంజ్ సి టైర్లు. 50 పీఎస్‌ఐ దగ్గర ఒక్కో టైరు మోసేది 1,760 పౌండ్లు.

110 పౌండ్లే కదా ఎక్కువ అని మీటింగ్‌లో ఒకరు అన్నారు. బరువు నాలుగు టైర్ల మీదా సమానంగా పడితేనే ఆ 110. ట్రైలర్లలో అలా పడదు. స్లైడ్ అవుట్ (బండి ఆపాక గది పెద్దదయ్యేలా బయటికి జరిపే భాగం), కిచెన్, ఫ్రిజ్ ఒకే పక్కన ఉంటే ఆ పక్క టైర్లు ఎప్పుడూ ఎక్కువ మోస్తాయి. అదే బండిని అసలు పరిమితి 7,600కే నింపితే టైరు మీద పడేది 1,672. అంటే డిజైన్‌లో పక్కలు కొంచెం అటూ ఇటూ అయినా తట్టుకునే జాగా ఉంది. మా లేబుల్ ఆ జాగా మొత్తం తినేసి, ఇంకా అవతలికి పోయింది.

గాలి సంగతి అంతకన్నా ఇబ్బంది. ప్లకార్డ్ మీద పెద్ద టైరు ఎస్‌టీ 225/75ఆర్15 లోడ్ రేంజ్ డి వివరాలు పడ్డాయి, గాలి 65 పీఎస్‌ఐ. 50కి మించి పెట్టకూడని టైరులో ఎంతోమంది లేబుల్ చూసి 65 పెట్టి ఉంటారు. టైరు పక్కగోడ మీద అంకె చూసినవాళ్లు 50 పెట్టుకుని ఉంటారు. ఎవరు ఏది చేశారో ఫ్యాక్టరీలో కూర్చుని తెలుసుకునే దారి లేదు.

అధిక బరువుతో తిరిగిన టైరు అప్పటికప్పుడు పేలదు. పక్కగోడలు ఎక్కువగా వంగి, లోపల వేడి పుట్టి, పొరల మధ్య అతుకు కొద్దికొద్దిగా వదులుతుంది. ఏ ఎండాకాలంలోనో హైవే మీద ట్రెడ్ ఊడి వస్తుంది. ఊడిన ట్రెడ్ చక్రం పైభాగాన్ని కొట్టి ఫ్లోర్ చీల్చేస్తుంది, అక్కడే వెళ్లే వైర్లకో గ్యాస్ లైన్‌కో తగులుతుంది. అప్పటికి ఆ బండి లేబుల్ సరిగ్గా ఉన్నా లేకపోయినా ఒకటే. అందుకే లేబుల్ మార్చడంతో మన పని అయిపోదని గట్టిగా వాదించాను.

ఏ బళ్లు, ఎన్ని గుంపులు

ఫలానా ప్రమాణానికి బండి అనుగుణంగా లేదని కంపెనీ నిర్ధారణకి వచ్చిన నాటి నుంచి 5 పని దినాల్లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి రిపోర్ట్ వెళ్లాలి. ఆ టైమ్ మొదలయ్యాక అందరికీ టెన్షనే. కానీ నన్ను ఎక్కువగా కూర్చోబెట్టింది రిపోర్ట్ రాయడం కాదు, ఏ విన్ నంబర్లు లెక్కలోకి వస్తాయో తేల్చడం.

సులువైన పని ఏంటంటే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా తయారైనవన్నీ అని రాసేయడం. అప్పుడు తప్పు లేనివాళ్లకి కూడా ఉత్తరాలు వెళ్తాయి. వాళ్లు డీలర్ దగ్గరికి వెళ్తే "మీ బండి బాగానే ఉంది" అంటారు. అలా ఒకసారి తిరిగొచ్చినవాళ్లు తర్వాత నిజమైన రీకాల్ వచ్చినా పట్టించుకోరు. ఇంకో ప్రమాదం ఇంతకన్నా పెద్దది. ఆర్డర్ మారిన బళ్లు ఆ తేదీల బయట కూడా ఉండొచ్చు. కాబట్టి కంప్యూటర్లో ఆర్డర్లు పక్కన పెట్టి, యాక్సిల్ సప్లయర్ ఇన్‌వాయిస్‌లు, పెన్నుతో కొట్టేసిన బిల్డ్ కార్డులు, లైన్ చివరి తూకం రికార్డులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాం. హెవీ ప్యాకేజీ బండి ఖాళీ బరువు మామూలు బండి కన్నా దాదాపు 100 పౌండ్లు ఎక్కువ ఉండాలి. తూకం అలా చెప్పని బండి దగ్గర ఆగి, కార్డ్ తీసి చూడటమే. యార్డ్‌లో ఇంకా ఉన్నవాటి కిందికి ఫ్లాష్‌లైట్ పట్టుకుని దూరి ట్యాగులు చదివాం.

అలా చూస్తే రెండు గుంపులు తేలాయి. మొదటిది చిన్న యాక్సిల్, పెద్ద లేబుల్: పైన చెప్పిన ప్రమాదకరమైన గుంపు. రెండోది దానికి సరిగ్గా వ్యతిరేకం. పెద్ద యాక్సిళ్లు దొరికిన రోజుల్లో, చిన్నవి అయిపోయినప్పుడు, మామూలు ఆర్డర్‌కి పెద్ద యాక్సిల్, పెద్ద టైర్లు బిగించారు. లేబుల్ చిన్నదే పడింది.

రెండో గుంపు దగ్గర కంపెనీలో పెద్ద చర్చే నడిచింది. ఆ బండి లేబుల్ మీద ఉన్నదానికన్నా ఎక్కువే మోస్తుంది. ప్లకార్డ్ చెప్పినట్టు 50 పీఎస్‌ఐ పెట్టినా ఆ పెద్ద టైరు 2,150 పౌండ్లు మోస్తుంది, దాని మీద పడేది 1,700 లోపే. నిబంధనకి అనుగుణంగా లేకపోయినా భద్రతకి ముప్పు లేదని నిరూపించగలిగితే, రీకాల్ నుంచి మినహాయింపు కోరుతూ పిటిషన్ వేసుకునే అవకాశం చట్టంలో ఉంది. లాయర్లు ఆ దారి చూపించారు. లెక్కల వరకూ వాళ్లు చెప్పింది సరైనదే.

నేను వద్దన్నాను. కారణం ఫిజిక్స్ కాదు. ఆ బండి యజమాని రేపు టైరు మార్చుకోవడానికి వెళ్తే, షాపువాడు ప్లకార్డ్ చూసి 14 అంగుళాల సైజు అడుగుతాడు. అది సరిపోదు. అప్పుడు ఎవరి తోచినట్టు వాళ్లు నిర్ణయించుకుంటారు. లేబుల్‌ని ఒకసారి నమ్మలేమని తేలితే మిగతా అంకెల్ని ఎందుకు నమ్మాలి? రెండు గుంపుల్నీ కలిపి ఒకే రీకాల్ వేయాలని చివరికి నిర్ణయం జరిగింది.

డీలర్ల దగ్గర అమ్ముడుపోకుండా ఉన్న బళ్లకి అదే రోజు అమ్మకం ఆపేయమని నోటీస్ వెళ్లింది. రీకాల్ నోటీస్ అందిన కొత్త బండిని బాగుచేయకుండా డీలర్ అమ్మకూడదు, అది చట్టం. సీజన్ మధ్యలో డీలర్లకి కోపం వచ్చింది. రావడంలో ఆశ్చర్యం లేదు.

ఏం బాగుచేశాం

మొదటి గుంపులో కొందరు హెవీ ప్యాకేజీకి డబ్బు కట్టారు. వాళ్ల ఇన్‌వాయిస్‌లోనే ఉంది. వాళ్లకి లేబుల్‌లో అంకె తగ్గించి "ఇదే సరైనది" అని చెప్పడం అన్యాయం. చట్టం లేబుల్ వరకే అడుగుతుందేమో గానీ, వాళ్లు కొన్నది 4,400 పౌండ్ల యాక్సిల్ ఉన్న బండి. వాళ్లకి యాక్సిళ్లు, చక్రాలు, టైర్లు మార్చి ఇవ్వాలని ఒప్పించడానికి చాలా మీటింగులే పట్టాయి. ఖర్చు చిన్నది కాదు. కంపెనీ ఒప్పుకున్నందుకు ఇప్పటికీ గౌరవం ఉంది.

మిగతావాళ్లకి, అంటే డీలర్ స్టాక్ కోసం ఆర్డర్ పెట్టి, మధ్యలో ప్యాకేజీ రద్దు చేసుకున్న బళ్లకి, లేబుళ్లు మూడూ మార్చడం, దాంతోపాటు టైర్లు, యాక్సిల్ తనిఖీ. తప్పు లేబుల్‌తో ఒక్క ట్రిప్ తిరిగినా సరే, టైర్లలో పక్కగోడ ఉబ్బు, ట్రెడ్ వంకర అరుగుదల లాంటివి కనిపిస్తే నాలుగూ మార్చేయాలి, కస్టమర్ ఒక్క డాలర్ కట్టకూడదు.

ఈ తనిఖీ ఎందుకని అడిగినవాళ్లలో మన తెలుగాయన కూడా ఉన్నారు. డాలస్‌లో ఉంటారు, స్నేహితుల ద్వారా నా నంబర్ తీసుకుని ఫోన్ చేశారు.

"స్టిక్కరే కదా అన్నా, పోస్ట్‌లో పంపేయండి, నేనే అంటించుకుంటా. డీలర్ దగ్గర వారం రోజులు పెడితే మా స్ప్రింగ్ బ్రేక్ పోతుంది."

"గాలి ఎంత పెడుతున్నారండీ?" అని అడిగాను.

"లేబుల్ మీద 65 ఉంది కదా, అదే."

వెళ్లి టైరు పక్కగోడ మీద ఏముందో చదవమన్నాను. కాసేపు ఫోన్లో ఏమీ వినిపించలేదు. మర్నాడే డీలర్ దగ్గరికి తీసుకెళ్లారు.

ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. మనవాళ్లు ఇక్కడ ట్రైలర్ కొనేటప్పుడు, అద్దెకి తీసుకునేటప్పుడు ఎంతమంది పడుకోవచ్చు, మా ఎస్‌యూవీ లాగుతుందా అని అడుగుతారు. సామాను ఎంత పట్టొచ్చో అడిగినవాళ్లని చాలా తక్కువమందిని చూశాను. కారు లాగగలిగే బరువు వేరు, ట్రైలర్ మోయగలిగే బరువు వేరు. రెండోదానికి ఆ తలుపు మీది లేబుల్ తప్ప ఇంకో ఆధారం లేదు.

లేబుల్ అంటించడం కూడా పనే

బయట వినడానికి చిన్నదిగా ఉంటుంది గానీ ఇక్కడే ఎన్నో రీకాల్‌లు సగంలో చెడతాయి. సర్టిఫికేషన్ లేబుల్ చిరగకుండా ఊడి రాకూడదని నిబంధన. కాబట్టి పాతది తీయాలంటే హీట్ గన్‌తో వేడి చేసి, ప్లాస్టిక్ స్క్రాపర్‌తో ముక్కలు ముక్కలుగా గీకాలి. ఇనుప బ్లేడ్ పెడితే ఫైబర్‌గ్లాస్ మీద గీతలు పడతాయి. మిగిలిన జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు కొత్తది. చలికాలంలో, బయట యార్డ్‌లో, గడ్డకట్టిన గోడ మీద అంటిస్తే జిగురు పట్టదు. వసంతం వచ్చేసరికి అంచులు లేస్తాయి, తర్వాత ఏదో కార్ వాష్‌లో ఎగిరిపోతుంది. అందుకని డీలర్ సూచనల్లో లోపల, వెచ్చటి బేలో మాత్రమే అంటించాలని రాశాం. పాత లేబుల్ తీసిన ఫొటో, కొత్తవి మూడూ అంటించిన ఫొటో, యాక్సిల్ ట్యాగ్ ఫొటో, టైరు పక్కగోడ ఫొటో పంపితేనే డీలర్‌కి కూలి చెల్లింపు. మొదట్లో డీలర్లు విసుక్కున్నారు. కానీ ఆ ఫొటోల్లోనే, మా జాబితాలో మొదటి గుంపులో పెట్టిన ఒక బండి నిజానికి రెండో గుంపుది అని దొరికింది.

యజమానులకి ఉత్తరాలు 60 రోజుల్లోపు వెళ్లాలి. ఉత్తరం ఎలా ఉండాలో నిబంధనలు చాలావరకు చెబుతాయి, కానీ మధ్యలో రాసే పేరా మన చేతిలోనే ఉంటుంది. మొదటి డ్రాఫ్ట్‌లో "లేబుల్ మీద సరికాని సమాచారం ఉండవచ్చు" అని ఉంది. అది చదివినవాళ్లెవరూ డీలర్ దగ్గరికి రారు. దాన్ని మార్చి, మీ ట్రైలర్ 1,700 పౌండ్ల సామానే మోయగలదు, లేబుల్ 2,600 అని చెబుతోంది, బాగుచేసేదాకా 1,700 మించి వేయొద్దు, నీళ్ల ట్యాంక్ నిండా పెట్టుకుని హైవే ఎక్కొద్దు, గాలి టైరు పక్కగోడ మీద ఉన్నదానికి మించి పెట్టొద్దు అని సూటిగా రాశాం. గుంపు గుంపుకీ వేరే ఉత్తరం.

లైన్‌లో ఏం మారింది

ఇప్పుడు యాక్సిల్ ట్యాగ్, టైరు సైజు స్కాన్ చేయకుండా లేబుల్ ప్రింటర్ పనిచేయదు. ఆర్డర్‌లో ఉన్నదీ స్కాన్‌లో వచ్చిందీ తేడా ఉంటే బండి లైన్ చివరే ఆగుతుంది. ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌కి దాన్ని దాటించే అధికారం లేదు. వర్కర్లకి రోజుకి ఎన్ని బళ్లు బయటికి వెళ్లాయన్నదాన్ని బట్టి జీతం ఉండే మా ఇండస్ట్రీలో బండి ఆపడం అంటే అందరి జేబుకీ తగులుతుంది. అందుకే ఆపే అధికారం క్వాలిటీ విభాగానికే ఉండాలి, రోజువారీ సంఖ్యకి బాధ్యులైనవాళ్లకి కాదు. వారంటీలో లేబుల్ రీప్రింట్ కోసం వచ్చే ప్రతి రిక్వెస్ట్ ఇప్పుడు నేరుగా మా డెస్క్‌కి వస్తుంది. నా దృష్టిలో ఈ చిన్న మార్పే అన్నిటికన్నా విలువైనది. మొదటి మెయిల్ దగ్గరే ఆగి చూసి ఉంటే ఇంకెన్నో బళ్లు ఫ్యాక్టరీ దాటేవి కావు.

ఎన్ని బళ్లు బాగయ్యాయో మూడు నెలలకోసారి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి రిపోర్ట్ పంపుతూ వచ్చాం. చివర్లో మిగిలేవి ఎప్పుడూ చేతులు మారినవే. ట్రైలర్లు త్వరగా అమ్ముడుపోతాయి, కొత్త యజమాని అడ్రస్ కంపెనీ దగ్గర ఉండదు. రాష్ట్రాల రిజిస్ట్రేషన్ వివరాలు తెప్పించుకుని రెండోసారి ఉత్తరాలు వేశాం, ఇంకా కొన్ని తిరిగొచ్చాయి. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ కొనేవాళ్లు ఆ మోడల్ మీద రీకాల్ ఉందేమో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రీకాల్ నోటీస్ ఇచ్చేనాటికి మొదటి కొనుగోలు జరిగి 15 ఏళ్లు దాటకపోతే ఆ రీకాల్ పనిని ఉచితంగా చేసివ్వాల్సిన బాధ్యత కంపెనీదే, బండి ఎన్ని చేతులు మారినా సరే.